కిరాయే కిస్తీ కడుతుందా?

“పది లక్షలుంటే చాలు, హనుమకొండలో ఫ్లాట్ కొనండి, మిగతాది బ్యాంకు ఇస్తుంది, కిస్తీ కిరాయిదారే కడతాడు, వడ్డీ మీద పన్ను మిగులుతుంది, విద్యార్థుల ఊరు కనుక ఇల్లు ఒక్క నెలైనా ఖాళీగా ఉండదు” అనే సందేశం మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కాగితం మీద లెక్క వేస్తే ఈ మాటలు నిలబడవు.

40 లక్షల ఫ్లాటునే తీసుకుందాం. రుణం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉన్నప్పుడు, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరు కాబట్టి మనకు వచ్చేది 32 లక్షలు. మిగిలిన 8 లక్షలతో పాటు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కూడా మనమే భరించాలి. 2021 జులైలో ఇవన్నీ కలిపి 7.5 శాతానికి పెరిగాయి. ఆ లెక్కన మరో 3 లక్షలు. తాళంచెవి చేతికి రాకముందే పది లక్షలు చాలలేదు.

అసలు చిక్కు కిస్తీ దగ్గర ఉంది. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువు పెట్టుకుంటే నెలకు సుమారు 27,770 రూపాయలు కట్టాలి. ఆ ఫ్లాటుకు 12,000 కిరాయి వస్తుందనుకున్నా, మొదటి నెల వడ్డీ ఒక్కటే 22,667 రూపాయలు. కిరాయి అందులో సగానికి కొంచెం ఎక్కువ, అంతే. “కిరాయి ఏటా పెరుగుతుంది కదా” అనేవారి మాటలో నిజం లేకపోలేదు. అయితే క్రమం తప్పకుండా ఏటా 5 శాతం పెరిగినా, అది కిస్తీని అందుకునేసరికి 18 ఏళ్లు నిండుతాయి, అప్పటికి రుణం తీరడానికి మిగిలేది రెండేళ్లే. అంతదాకా కట్టేది జీతం, కిరాయిదారు కాదు.

పన్ను సంగతి క్లుప్తంగా. కిరాయిలో ఆస్తిపన్ను పోగా 30 శాతం, ఆపైన వడ్డీ తగ్గించుకోవచ్చు. కానీ అలా తేలిన నష్టాన్ని జీతంలో సర్దుబాటు చేసుకునే వీలు పాత పన్ను విధానంలోనే, అదీ ఏడాదికి 2 లక్షల వరకే ఉంది. కొత్త విధానంలో ఆ వీలు లేదు.

విద్యార్థుల మాట వినడానికి బాగుంటుంది. ఎన్‌ఐటీ వసతి గృహాలున్న సంస్థ, కాకతీయ విశ్వవిద్యాలయానికీ హాస్టళ్లున్నాయి, కాబట్టి అక్కడ చదివేవారంతా కిరాయి ఇల్లు వెతుక్కోరు. పిల్లల చదువు కోసం పల్లెల నుంచి వచ్చే కుటుంబాలు వార్షిక పరీక్షలు కాగానే ఖాళీ చేస్తాయి కనుక, ఎండాకాలంలో టు-లెట్ బోర్డు వేలాడే నెలలను లెక్కలోకి తీసుకోవాలి. 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ లోతట్టు కాలనీలు నీట మునిగిన సంగతి ఫ్లాట్ చూపించేవారు చెప్పరు, కొనేవారే అడగాలి.

కిరాయి ఆదాయంతోనే మొదలుపెట్టాలనుకుంటే, సొంత ఇల్లున్నవారు అనుమతి తీసుకుని పైఅంతస్తు వేసుకోవడం మేలని నా అభిప్రాయం: స్థలం కొనే పని లేదు, క్రయపత్రం ఖర్చు లేదు, కిరాయిదారు కళ్లముందే ఉంటాడు. నీళ్ల మోటారు ఎవరు వేయాలన్న పేచీ మాత్రం తప్పదు.