చాంగ్‌థాంగ్ తడి ఆరిపోతోంది

సన్మాన సభల్లో మనం కప్పే శాలువాల్లో అసలు పష్మీనా ఎన్నో చెప్పలేం గానీ, మన దేశంలో ఆ ఉన్నికి పుట్టిల్లు లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగ్ పీఠభూమి. ఎత్తు దాదాపు 4,500 మీటర్లు. ఏడాదికి వాన, మంచు కలిపినా 100 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే చలి ఎడారి అది. అక్కడ చాంగ్పాలు మేకలు, గొర్రెలు, జడలబర్రెలు తోలుకుంటూ బతుకుతారు. వాళ్ల జీవాలకు బలమైన మేత దొరికేది సో కార్, సో మొరిరి లాంటి సరస్సుల ఒడ్డున, ఊటలు ఉబికే లోయల్లో తుంగ మొలిచే సన్నటి చిత్తడి పట్టీల్లోనే.

ఆ పట్టీకి ప్రాణం కొండ మీది మంచు. అది నెమ్మదిగా కరిగి ఇంకితేనే ఊటల్లో నీరుంటుంది. మంచు తక్కువ పడినా, ముందే కరిగిపోయినా, గడ్డి లేచే వేళకు నేలలో తడి ఉండదు. ఆరిన చోట ఉప్పు పైకి తేలి నేల చవుడు బారుతుంది. మిగిలిన కాస్త పచ్చిక మీదికి మందలన్నీ ఎగబడతాయి, గిట్టల కింద అదీ చిట్లి ఇంకా త్వరగా ఎండుతుంది. ఇక హిమానీనదాల నీరు చేరి మట్టం పెరిగే సరస్సుల దగ్గర కథ తిరగబడుతుంది, ఒడ్డు మేత మునిగిపోతుంది. లద్దాఖ్ అధికారిక పక్షి నల్లమెడ కొంగకు రెండూ కష్టమే. నీరు తగ్గితే గూటిదాకా కుక్కలు నడిచొస్తాయి, పెరిగితే గూడే మునుగుతుంది.

వాతావరణం గాడి తప్పడమంటే వేడెక్కడం ఒక్కటే కాదు. 2013 ఆరంభంలో భారీగా పడిన మంచు కింద మేత కూరుకుపోయి వేల జీవాలు చనిపోయాయి. 2020 తర్వాత సరిహద్దు ఉద్రిక్తతలతో కొన్ని చలికాలపు బీళ్లకు దారులూ మూసుకుపోయాయి.

ఇప్పుడు చాంగ్‌థాంగ్‌లోనే ఉన్న పాంగ్ ప్రాంతంలో 13 గిగావాట్ల సౌర, పవన విద్యుత్తు ప్రాజెక్టు వస్తోంది. భూతాపాన్ని తగ్గించే పనికి, ఆ తాపం దెబ్బ ముందుగా తింటున్నవాళ్ల మేత భూమే కావలసి వచ్చింది! సౌర విద్యుత్తు వద్దని మేం అనం. ఎడారి కదా, ఖాళీగానే ఉంది కదా అనుకోవడంతోనే మా పేచీ.

సో మొరిరి 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, మన కొల్లేరూ ఆ ఏడాదే. సో కార్‌కు 2020లో ఆ గుర్తింపు దక్కింది. గుర్తింపు దక్కాక కూడా సరస్సు దక్కకుండా పోవచ్చని చేపల చెరువుల మధ్య చిక్కిన కొల్లేటిని చూసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి ప్యానెళ్లకు స్తంభాలు పాతకముందే ఊటలు, చిత్తడి పట్టీలు, మందల దారులు గుర్తించి వాటిని ప్రాజెక్టు హద్దు నుంచి తప్పించాలి. చలికాలానికి ముందే పశుగ్రాసం నిల్వలు చాంగ్పాల శిబిరాలకు చేర్చాలి. ఏ ఊట ఏ నెలలో ఆరుతోందో అక్కడి పెద్దవాళ్లకు తెలుసు. సర్వే బృందాలు ముందుగా వెళ్లాల్సింది వాళ్ల రెబో గుడారాలకే.