ఉత్తరం తెలియనివారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఇత్తడి దిక్సూచి గారికి,

ఉభయకుశలోపరి. నేను కుశలం. మీరు మా అటక మీద పాత పత్రికల మధ్య కుశలంగానే ఉండి ఉంటారు, కదలడం అనే అలవాటు మీకు మొదటినుంచీ తక్కువే కదా. ఈ "గారు" కూడా ఇక్కడితో ఆపేస్తున్నాను. ఏడు వందల యాభై పెట్టి కొన్నదాన్ని ఎంతసేపని గౌరవించను?

మనం కలిసిన రోజు గుర్తుందా? ఎమ్మెస్సీ జియాలజీ మొదటి ఏడాది. కొండల్లో రాళ్లు కొలిచే ఫీల్డు ట్రిప్పుకి ఇంకా వారమే ఉంది. డిపార్ట్‌మెంటులో అసలు బ్రంటన్లు, అంటే రాతి పొరల దిక్కూ వాలూ కొలిచే దిక్సూచులు, మూడు, మేమేమో ఇరవై రెండు మందిమి. సొంతంగా ఒకటి కొనుక్కుందామంటే మా నాన్న ఏడాది పొడుగునా పంపే డబ్బు కూడబెట్టినా చాలదు. అలాంటి సమయంలో షాపు గాజు బీరువాలోంచి తళతళలాడుతూ నువ్వు కనిపించావు. మూత తీస్తే అద్దం, గుండ్రటి బుడగ, పొడుగు బుడగ, మడిచి తెరిచే చూపుడు పలక, ఏదీ తక్కువ లేదు. పెళ్లిచూపుల్లో ఎవరికి ఏం తక్కువుంటుంది?

మూత మీద ఎప్పటిదో ఇంగ్లండ్ కంపెనీ పేరు, దాని కింద 1885 అని చెక్కి ఉంది. డేవిడ్ బ్రంటన్ అనే గనుల ఇంజినీరు ఈ పరికరానికి పేటెంటు తీసుకున్నది 1894లో. అంటే నిన్ను కనిపెట్టడానికి తొమ్మిదేళ్ల ముందే నువ్వు పుట్టేశావన్నమాట. ఆ లెక్క ఆ రోజు నాకు తట్టలేదు. నా కంటికి ఆనింది ఒకటే, డయల్ మీద తూర్పు ఉండాల్సిన చోట పడమర ఉంది. షాపాయనకి చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి పరీక్షగా చూసి, "నిజమే బాబూ, ప్రింటింగులో తప్పు పడ్డట్టుంది, యాభై తగ్గించుకో" అన్నాడు. ఎనిమిది వందలది ఏడు వందల యాభైకి కొట్టేశానని హాస్టల్ దాకా ఈల వేసుకుంటూ వచ్చాను.

మా సీనియర్ అన్న కాసేపు నవ్వుకుని అప్పుడు చెప్పాడు. బ్రంటన్‌లో తూర్పు పడమరలు తారుమారుగానే ఉంటాయిరా, మనం తిరిగితే డయల్ కూడా మనతో తిరుగుతుంది, ముల్లు మాత్రం ఉత్తరాన్ని వదలదు. మనం తూర్పుకి తిరిగినప్పుడు ముల్లు ఎడమ పక్కకి వస్తుంది కాబట్టి తూర్పుని అక్కడే రాయాలి అని. నీ ఒంట్లో సరిగ్గా ఉన్న ఒకే ఒక్క సంగతికి నేను డిస్కౌంట్ తీసుకున్నాను!

ఇక వేంపల్లె. కడప బేసిన్‌లో ఆ వైపు పొరలు ఈశాన్యానికి పది పదిహేను డిగ్రీలు మెల్లగా వాలి ఉంటాయి. కొత్తగా స్ట్రైకూ (పొర సాగే దిక్కు) డిప్పూ (పొర వాలు) నేర్చుకునేవాళ్లని ఏడిపించే రాళ్లు కావవి. నోట్‌బుక్ అట్టని రాతి మీద పరిచి, నీ అంచు దానికి ఆనించి, బుడగ మధ్యలోకి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి స్ట్రైకు చదివాను. 318 డిగ్రీలు. సరిచూసుకుందామని మళ్లీ చదివాను. 331. గాజు మీద గోటితో తట్టి చదివాను. 296. రాయి అదే, ఎండ అదే, నేనూ అదే మనిషిని. 180 కోట్ల ఏళ్లకు పైగా అక్కడే పడి ఉన్న పొరని నువ్వు రెండు నిమిషాల్లో ముప్పై ఐదు డిగ్రీలు తిప్పి పారేశావు.

సార్ ముందు నన్నే అనుమానించారు. సుత్తి అవతల పెట్టమన్నారు, పెట్టాను. బెల్టు బకిల్ ఇనుముదేమో, తీసెయ్ అన్నారు, తీసేశాను. ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో నిన్నూ పట్టుకుని తీసిన రీడింగ్ 304. దగ్గర్లో ముల్లుని లాగే డోలరైట్ సిల్లు (ఇనుమున్న నల్లరాతి పలక) ఏదైనా ఉంటే నెపం దాని మీదికి నెట్టేవాణ్ణి, నా ఖర్మకి అక్కడ అదీ లేదు. చివరికి సార్ నిన్ను కంటి ఎత్తుకి లేపి పక్కనుంచి చూశారు. "దక్షిణం కొస డయల్‌ని గీరుతోంది చూడు" అన్నారు.

సంగతేమిటంటే, అయస్కాంతపు ముల్లు అడ్డంగా తిరిగి ఊరుకోదు, కిందికీ వాలుతుంది. అసలు బ్రంటన్లు పుట్టిన అమెరికా కొలరాడోలో ఆ వాలు అరవై డిగ్రీల పైమాటే. అందుకని అక్కడ ఉత్తరం కొస దిగిపోకుండా దక్షిణం వైపు సన్నటి రాగితీగ చుట్ట బరువుగా పెడతారు. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణపు కొస మీదుగా పోతుంది కాబట్టి కడపలో వాలు చాలా తక్కువ, చుట్టని లోపలికి జరుపుకోవాలి. నిన్ను చేసినవాళ్లు అసలుదాన్ని చూసి కాపీ కొడుతూ చుట్టని కూడా ఉన్నది ఉన్నట్టు దించేశారు. పైగా జరగకుండా జిగురు పెట్టారు. పరీక్షలో పక్కవాడి పేపర్ దించుతూ వాడి హాల్ టికెట్ నంబర్ కూడా వేసుకున్నట్టు.

డిప్పు గురించి నీకు వేరే చెప్పాలా! ఇంటికొచ్చాక మా చెల్లి జామెట్రీ బాక్సులోని మూలమట్టాన్ని బల్ల మీద నిలబెట్టి దాని ఏటవాలు మీద నిన్ను కూర్చోబెట్టాను. 45కి 41 అన్నావు. పోనీ, నాలుగు కలుపుకుంటే సరిపోతుందిలే అనుకున్నాను. అటుది ఇటు తిప్పి పెడితే 49 అన్నావు. రెండూ కూడి సగం చేస్తే 45 వస్తుంది, అది వేరే సంగతి. కొండ మీద ప్రతి రాయికీ ఇలా బేరమాడుతూ కూర్చుంటే చీకటి పడిపోతుంది. ఆ ఫీల్డు మిగతా రోజులు అదే బాక్సులోని కోణమాని, ఒక దారం, దారం చివర చొక్కా గుండీ కట్టుకుని డిప్పులు తీశాను. ఖర్చు ఒక గుండీ.

ఆ కౌంటర్ దగ్గర పది నిమిషాలు ఆగి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ముల్లుని కదిపి, ఆగాక చదివి, మళ్లీ కదిపి చదవాల్సింది. ఒక గీత వెంట ఇటునుంచి చూసి, అటునుంచి చూసి తేడా 180 వస్తుందో లేదో లెక్క వేసుకోవాల్సింది. మూత వేస్తే లోపలి పిన్ను ముల్లుని పైకెత్తి పడుతోందా అని చెవి దగ్గర ఊపి వినాల్సింది. నీలో ఆ పిన్ను పొట్టిది, బస్సు కుదుపులకే ముల్లు నిలబడే మొన అరిగిపోయింది. నేను మాత్రం అద్దంలో క్రాపు చూసుకున్నాను.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది ప్లాస్టిక్‌ది. అద్దం, లోపల వాలు కొలిచే చిన్న క్లైనోమీటర్, మన దగ్గరి అయస్కాంతపు వాలుకి పనికొచ్చే ముల్లు. అంతే. చూపుకి స్కూలు పిల్లల టిఫిన్ డబ్బా మూతలా ఉంటుంది. నీకు ఎనిమిది రెట్లు పెట్టాల్సి వచ్చింది, అయినా అసలు బ్రంటన్ ధరలో పావు వంతు కూడా కాదు. ఒకే రాయికి రెండుసార్లు ఒకే మాట చెబుతుంది. నీతో కాపురం చేశాక అదే నాకు పెద్ద వింత.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, నీకు ఉద్యోగం వచ్చింది. మా మామయ్య కొత్త స్థలం చూపించడానికి వాస్తు సిద్ధాంతి గారిని పిలిచాడు. ఆయన తన డబ్బీ మరచిపోయి వస్తే అటక మీంచి నిన్ను దింపి ఇచ్చాను. నువ్వు స్థలం నడిమధ్యన నిలబడి ముందు ఒకటి చెప్పావు, ఆయన నచ్చలేదన్నట్టు తల ఊపేసరికి ఇంకోటి చెప్పావు. ఈశాన్యం పెరిగిందని తేలింది. మామయ్య మహా సంబరపడ్డాడు. నిన్న సిద్ధాంతి గారు ఫోన్ చేసి, "బాబూ, ఆ ఇత్తడిది అమ్ముతావా? ఎంతకి కొన్నావు?" అని అడిగారు. ఏడు వందల యాభై అన్నాను. ఎంతైనా పెద్దాయన, దాచడం ఎందుకని తూర్పు పడమరలు తారుమారుగా ఉంటాయని కూడా చెప్పాను.

"అయితే ఇంకో యాభై తగ్గించుకో" అన్నారు.

ఇట్లు,
నీ మాజీ యజమాని