సీనాయి కొండకు ఆవకాయ

ఈజిప్టులోని సీనాయి కొండ ఎత్తు 2,285 మీటర్లు. మోషే పది ఆజ్ఞలు అందుకున్నది అక్కడేనని సంప్రదాయం. సికింద్రాబాదు నుంచి హోలీల్యాండ్ టూరుకు పేర్లిచ్చినవాళ్ళకు ఈ సంగతులన్నీ పాస్టరు అయ్యగారు వివరంగా చెప్పి, ఏమైనా సందేహాలున్నాయా అని అడిగితే, సంఘపెద్దగారు లేస్తారు.

"మీద అన్నం దొరుకుతదా అయ్యగారూ?"

దొరకదు. దారిలో అక్కడి ఎడారి తెగవాళ్ళయిన బెదూయిన్ల కొట్లలో టీ, బిస్కెట్లు ఉంటాయి, అంతే. కానీ ఈ ముక్క ఆదివారం ఆరాధన ముగిశాక అందరి ముందూ చెప్పకూడదు. చెబితే సాయంత్రానికల్లా ఇంటింటా సంచుల బరువు రెట్టింపవుతుంది.

అందుకే ప్రయాణానికి నెల ముందు, తెల్లవారుజామున, మౌలాలి గుట్ట మెట్ల దగ్గర సంచులతో సహా ఒక రిహార్సల్ పెట్టడం మంచిది. పాతపేపర్లవాళ్ళ దగ్గరుండే కొక్కెం కాటా ఒకటి తెచ్చుకోవాలి. ఒక్కరోజు నడకకు మోసే సంచి మనిషి బరువులో పదో వంతు మించకూడదు. అంటే 70 కిలోల మనిషికి 7 కిలోలు. అందులో నీళ్ళే 3 లీటర్లు, అంటే 3 కిలోలు పోతాయి. మిగిలిన నాలుగింటిలోనే స్వెట్టరు, టార్చి, తిండి, మందులు, బైబిలు అన్నీ ఇమడాలి.

పెద్దగారి సంచి 13 కిలోలు తూగింది.

విప్పి చూస్తే గాజు సీసాలో కిలో ఆవకాయ. దానికి మూడు ప్లాస్టిక్ కవర్లు, నాలుగు రబ్బరు బ్యాండ్లు, చుట్టూ ఒక టర్కీ టవలు. రెండు కిలోల సకినాలు, స్టీలు డబ్బాలో. కరివేపాకు పొడి, చిన్న రైస్ కుక్కరు (కొండ మీద దాన్ని ఏ ప్లగ్గులో పెడతారో ఆయనే చెప్పాలి). ఇక పెద్దక్షరాల బైబిలు సంచి బయట, పక్కనున్న వల జేబులో, నీళ్ళ సీసాకు ఆనుకుని ఉంది. దానికి ఒక్క కవరూ లేదు.

వల జేబు ఎప్పుడూ నమ్మదగినది కాదు. మనిషి ముందుకు వంగి మెట్టెక్కినప్పుడల్లా సీసా ఒక పక్కకి వాలుతుంది, మూత సరిగా బిగించకపోతే కారుతుంది. గుట్ట సగం ఎక్కేసరికి ఆదికాండం నుంచి సంఖ్యాకాండం దాకా తడిసి ఉబ్బింది. ఆవకాయ మీద మాత్రం చుక్క నీరు పడలేదు. నడుము నొప్పి అదనం, ఎందుకంటే బరువైన ఆవకాయ సీసా సంచి అడుగున వెనక్కి లాగుతోంది. బరువైన వస్తువు వీపుకు ఆనుకుని, భుజాల ఎముకల మధ్య ఎత్తులో ఉండాలి. కాగితం ఏదైనా సరే జిప్ కవరులో పెట్టి లోపల దాచాలి.

అయ్యగారు తడిసిన పేజీలు మెల్లగా విడదీస్తూ పోతే ద్వితీయోపదేశకాండం దగ్గర పొడి కాగితం తగిలింది. ఆరో అధ్యాయం. ఆయన అక్కడే, మెట్టు మీద నిలబడి చదివారు: దేవుణ్ణి పూర్ణ హృదయంతో, పూర్ణాత్మతో, పూర్ణశక్తితో ప్రేమించాలని.

"హృదయం, ఆత్మ ఉన్నయి అయ్యగారూ," అన్నారు పెద్దగారు గోడకు ఆనుకుని. "శక్తే కింద మెట్ల మీద అయిపోయింది."

నిజం చెప్పాలంటే ఈ విషయంలో మోషే వెంట ఐగుప్తు (ఈజిప్టు) వదిలి నడిచిన ఇశ్రాయేలీయులు మనకంటే మెరుగేమీ కాదు. ఎర్ర సముద్రం దాటించినవాడు కళ్ళెదుటే ఉంటే వాళ్ళు తలుచుకుని ఏడ్చింది ఐగుప్తులో తిన్న చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి కోసం. ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం మన్నా తలకు ఓమెరు చొప్పున, సుమారు రెండు లీటర్ల కొలత, ఏ రోజుది ఆ రోజే ఏరుకోమంటే కొందరు తెల్లారేదాకా దాచారు. పురుగు పట్టి కంపు కొట్టింది. రేపటికి ఉంటుందో లేదోనన్న బెంగతో దాచిన ఆ గిన్నెకు, ఈ సకినాల డబ్బాకు తేడా మూతే. దేవుడే ముందు అని నోటితో ఎవరైనా అంటారు, మూడు కవర్లు దేనికి చుట్టామన్నది సంచి విప్పితే గానీ బయటపడదు.

పాస్టరమ్మగారు ఊరుకోలేదు. "ఎడారిలో చెమటతోటి ఉప్పు పోతది కదండీ. ఆవకాయలో ఉప్పుంటది."

వాదన బాగానే ఉంది. చెమట ధారగా పోతున్నప్పుడు ఉత్త నీళ్ళే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. కానీ లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్ఎస్ పొట్లం దాదాపు 21 గ్రాములే. అది లేకపోతే లీటరుకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తల కొట్టిన చెంచాతో. గాజు సీసా అక్కర్లేదు.

ఒక్క మంకీ క్యాపు విషయంలో మాత్రం సంఘమంతా సరిగ్గా ఆలోచించింది. సూర్యోదయం చూడాలంటే అర్ధరాత్రి దాటాక ఒకటి, రెండింటికే ఎక్కడం మొదలుపెట్టాలి. ఎడారి గాలిలో తేమ, మబ్బు ఉండవు కాబట్టి పగటి వేడి రాత్రికి నిలవదు. చలికాలంలో పైన సున్నాకంటే దిగువకు పోతుంది. బూట్లు కూడా సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, అర సైజు పెద్దవి కొనాలి. లేకపోతే దిగేటప్పుడు వేలి గోళ్ళు నల్లబడతాయి.

పెద్దగారికి చివరి ఆశ ఒంటె. "ఒంటె ఎక్కితే ఈ పదో వంతు లెక్క ఉండదు కదా?"

ఒంటె దారి ఆఖరి 750 మెట్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి మనిషీ సంచీ కాలినడకే.

ఆయన కాసేపు ఆలోచించి రైస్ కుక్కరును అల్లుడి చేతికిచ్చారు. సకినాల డబ్బా అక్కడే తెరిచారు. ఇరవైమందీ మెట్ల మీద కూర్చుని తిన్నారు. రెండు కిలోలు పావుగంటలో ఖాళీ. పెద్దగారు చెయ్యి దులుపుకుని మళ్ళీ కాటా వైపు చూశారు.

"అయ్యగారూ, ఇప్పుడు నా బరువు పెరిగింది కదా. పదో వంతు కూడా పెరిగినట్టే. మరి ఆవకాయకి చోటొస్తదా?"

పాస్టరమ్మగారు మనసులోనే లెక్క కట్టారు. "వంద గ్రాములు తిన్నరు. పది గ్రాములొస్తది. ఒక్క ముక్క పెట్టుకోండి, టెంక లేనిది."