దుకాణం అరలోనే చచ్చిపోతున్న బయో మందులు

పురుగులను, తెగుళ్లను ప్రాణులతోనే అదుపు చేసే జీవ నియంత్రణ మీద హైదరాబాద్‌లో జరిగినంత పని దేశంలో చాలా కొద్ది చోట్లే జరిగింది. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ మిత్రపురుగులను పల్లెలోనే పెంచుకోవడం నేర్పుతోంది. అక్కడే ఉన్న నూనెగింజల పరిశోధన సంస్థ ఆముదం దాసరి పురుగుకు బీటీ (పురుగును చంపే బ్యాక్టీరియా) మందు రూపొందించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శనగపచ్చ పురుగును చంపే ఎన్‌పీవీ వైరస్ మీద ఏళ్లపాటు పనిచేసింది. అయినా ఏ మండల కేంద్రంలో మందుల దుకాణానికి వెళ్లినా చేతికొచ్చేది రసాయనమే. రైతుకు అవగాహన లేకపోవడమే కారణమని తేల్చేయడం అన్యాయం. ప్రాణమున్న సరుకును సీసాలో మందు అమ్మినట్టే అమ్మబోవడం దగ్గరే తప్పు జరుగుతోంది.

వరిలో మొగి పురుగుకు వాడే ట్రైకోకార్డునే తీసుకోండి. ఒక్కో కార్డు మీద దాదాపు 20 వేల కార్సైరా (బియ్యపు చిమ్మట) గుడ్లు ఉంటాయి, వాటిలో ట్రైకోగ్రామా పిల్లలు పెరుగుతాయి. ఇది మొగి పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని నాశనం చేసే బుల్లి కందిరీగ, అంటే బదనిక. గుడ్డు నల్లబడితే లోపల బదనిక ఉన్నట్టు. పరాన్నీకరణ (బదనిక ఆ గుడ్లలో గుడ్లు పెట్టడం) మొదలైన వారం పది రోజుల్లో బదనికలు బయటికి వచ్చేస్తాయి. 10 డిగ్రీల చల్లదనంలో ఉంచితే ఇంకొన్నాళ్లు ఆపొచ్చు, నెలల తరబడి కాదు. లింగాకర్షక బుట్టల్లో మొగి రెక్కల పురుగులు పడడం మొదలవగానే ఎకరానికి రెండు కార్డుల చొప్పున, ముక్కలుగా కత్తిరించి, సాయంత్రం పూట ఆకు అడుగున కుట్టాలి. వారం వారం ఇదే పని మళ్లీ చేయాలి. పార్సిల్ బస్సులో రెండు రోజులు ఆలస్యమైతే బదనికలు కవర్లోనే పుట్టి కవర్లోనే చస్తాయి. అదే వారంలో గుళికలో, పురుగుమందో వేస్తే పొలంలో చస్తాయి. ఇలాంటి సరుకును డీలర్ ముందే తెచ్చి పెట్టుకోలేడు, పెట్టుకోమనడం కూడా సరికాదు.

తెగుళ్లను అడ్డుకునే ట్రైకోడెర్మా, పురుగును చంపే బవేరియా అనే శిలీంద్రాల పొడుల కథ వేరు. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ ఉన్న ఫరీదాబాద్‌లో రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అదే చట్టంలోని 9(3బి) సెక్షన్ కింద తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో అమ్ముకుంటూనే మిగతా వివరాలు సమర్పించే వెసులుబాటు కూడా ఉంది. ట్రైకోడెర్మా గ్రాముకు కనీసం 20 లక్షల సజీవ కణాలు, బవేరియా 10 కోట్లు ఉండాలి. ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు ఆ లెక్క ఉండొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు గోదాములో 40 డిగ్రీలు దాటిన వేడికి ఆ సంఖ్య పడిపోతుంది. నమూనాలు తీయాల్సింది అక్కడ, గడువు ముగియడానికి నెల ముందు.

ఇంతకన్నా పెద్ద దెబ్బ నకిలీలది. 2021లో మిర్చి మీద కొత్త తామర పురుగు విరుచుకుపడినప్పుడు ఏ సీసా కనబడితే ఆ సీసా కొన్నారు. ‘బయో’ అని రాసి లోపల రసాయనం కలిపిన మందు మర్నాటికే పురుగును రాలగొడుతుంది. అసలైన బవేరియాకు కనీసం నాలుగైదు రోజులు పడుతుంది, గాలిలో తేమ కూడా కావాలి. కల్తీని చూసిన కంటికి నిజమైన మందు పనికిరానిదిగా కనిపిస్తుంది. మొక్కల ఎదుగుదలకు ఊతమిచ్చే బయోస్టిమ్యులెంట్లను 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు, మంచిదే. కానీ సీసాలో సజీవ కణాల లెక్కతోపాటు రసాయన అవశేషాలనూ పరీక్షించకపోతే ఆ మోసం బయటపడదు.

డీలర్ వైపు నుంచీ చూడాలి. రైతు ఉద్దర మీద తీసుకెళ్తాడు, పంట అమ్మాక కడతాడు. ఆరు నెలల్లో చచ్చే సరుకు మీద ఆ రిస్కు ఎవరు భరిస్తారు? గడువు దాటిన పొట్లాలను కంపెనీ వెనక్కి తీసుకుంటానని రాసిచ్చే వరకు బయో మందు వెనక అరలోనే ఉంటుంది. ట్రైకోడెర్మాను శిలీంద్రాలను చంపే రసాయనమైన కార్బెండజిమ్‌తో ఒకే డ్రమ్ములో కలపొద్దని, 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోలు కలిపి నీడలో తడి ఆరకుండా వారం పైగా మాగబెట్టాలని చెప్పే బాధ్యత కూడా కంపెనీదే. లేబుల్ మీద చీమంత అక్షరాల్లో అచ్చేస్తే సరిపోదు.

కార్డులకు మాత్రం దుకాణమే వద్దు. రైతు ఉత్పత్తిదారుల సంఘం ముందే ఇండెంట్ పెట్టాలి, అడ్వాన్సు కట్టాలి. కార్సైరా గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికే 40 రోజులకు పైగా పడుతుంది, ఆపైన పరాన్నీకరణకు మరో వారం. యాసంగి వరిలో జనవరి నెల మధ్యలో మొదటి కార్డు కట్టాలంటే ఉత్పత్తి కేంద్రానికి ఎన్ని ఎకరాలో నవంబరు నెలాఖరుకే తెలియాలి.