ఒక టెంటు, ఇద్దరు పిల్లలు, రెండే చేతులు

టెంటు పెట్టె మీద ‘ఫోర్ పర్సన్’ అని ఉంటుంది. ఆ నలుగురూ సామాన్లేమీ లేకుండా, చేతులు కట్టుకుని, ఒకే పక్కకి తిరిగి పడుకుంటారని కంపెనీవాళ్ల లెక్క. ఒక అమ్మ, ఇద్దరు పిల్లలు, మూడు రగ్గులు, ఒక టెడ్డీబేర్ అయితే సరిగ్గా సరిపోతుంది. దాని కిందే ‘అయిదు నిమిషాల్లో వేసుకోవచ్చు’ అని కూడా ఉంటుంది. ఎంతమంది పట్టుకుంటే అయిదు నిమిషాలో మాత్రం రాయరు.

పిల్లల్ని వెంటేసుకుని ఒక్కరే క్యాంపింగుకు బయల్దేరేవాళ్లకి ధైర్యం చెప్పేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. టెంటు రెండో కొస పట్టుకునేవాళ్లే దొరకరు.

డిసెంబర్‌లో విశాఖపట్నం నుంచి లంబసింగి ప్రయాణమే చూడండి. పక్క సీటు ఖాళీ. చిప్స్ ప్యాకెట్ చింపేవాళ్లు లేరు, నీళ్ల సీసా వెనక్కి అందించేవాళ్లు లేరు. అందుకని తిండీ నీళ్లూ పిల్లల చేతికందేలా ముందే సర్దేయాలి. వెనక కిటికీలు రెండు, పిల్లలూ ఇద్దరే. అయినా ఇద్దరికీ ఒకే కిటికీ కావాలి. ‘నర్సీపట్నంలో సీట్లు మారతారు’ అని ఇంట్లోనే ఒప్పందం రాయించుకుని బయల్దేరడం మేలు. పెట్రోలు కూడా అక్కడే ఫుల్ చేయించాలి.

ఘాట్ ఎక్కగానే వాంతుల కార్యక్రమం. బండి మెలికలు తిరుగుతోందని చెవి లోపలి భాగం మెదడుకు చెప్తుంది. ఫోన్‌కి అతుక్కుపోయిన కళ్లేమో ఏమీ కదలట్లేదంటాయి. ఆ తగువు చివరికి పొట్ట దగ్గర తేలుతుంది. ఫోన్లు లాక్కుని, ముందున్న రోడ్డు చూడమనాలి. మాత్రేదైనా ఉంటే డాక్టర్‌ని అడిగి, ఘాట్‌కి కనీసం అరగంట ముందే వేయాలి. మూడో మలుపులో వేస్తే మాత్ర కూడా బయటికొస్తుంది. ఇక కవరు. పళ్లకీ కూరగాయలకీ ఇచ్చే కవర్లలో కొన్నింటికి గాలి తగలడానికి చిల్లులుంటాయి. ఆ సంగతి ఎప్పుడు తెలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లోనే ఒక్కోదాన్నీ ఊది చూసి పెట్టుకోండి.

నాలుగింటికల్లా చేరిపోవాలని ప్లాను. దారిలో టీ, వాంతి, వలిసె పూల దగ్గర ఫొటోలు, మళ్లీ వాంతి. ఆ కాలంలో అయిదున్నరకే పొద్దుగూకుతుంది. మన టెంటు ఎప్పుడూ చీకట్లోనే మొదలవుతుంది. ఫోన్ టార్చి పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి కాబట్టి తలకి కట్టుకునే లైటు కొనుక్కోవడం మంచిది.

టెంటుకు రెండు పొడుగాటి పోల్స్. ఒక్కోటీ చిన్న చిన్న ఫైబర్ ముక్కలు, మధ్యలోంచి ఎలాస్టిక్ తాడు. గుడ్డ గొట్టంలోకి దీన్ని తోయాలే తప్ప లాగకూడదు. లాగితే ముక్కలు లోపలే ఊడిపోతాయి, అప్పుడు ఒక్కో ముక్కనీ గుడ్డ మీంచి తడుముకుంటూ కూర్చోవాలి. సరే, తోశారు. ఆ కొస గుచ్చుదామని అటు పరిగెడితే ఈ కొస ఊడుతుంది. ఇటొస్తే అటుది. సరిగ్గా రెండూ కూర్చుని టెంటు పొట్ట ఉబ్బించి నిలబడగానే చిన్నది అంటుంది:

“అమ్మా, సుస్సు.”

ఒకరిని తీసుకెళ్తే రెండోవాడు చీకట్లో ఒంటరి. కాబట్టి ముగ్గురూ వెళ్లాలి. టెంటుకి ఇంకా ఒక్క మేకూ కొట్టలేదు. మూడు కిలోల గుడ్డ, లోపల ఖాళీ, తలుపు తెరిచుంది. కొండగాలి లోపలికి దూరుతుంది. తుప్ప చాటునుంచి చూస్తుండగానే టెంటు లేచి, రెండు పల్టీలు కొట్టి, అవతల బొంగు చికెన్ కాలుస్తున్న కుర్రాళ్ల మధ్య దిగుతుంది. వాళ్లు మంచివాళ్లే. నిప్పంటుకోకుండా పట్టుకుని తెచ్చిస్తారు. ఇచ్చాక మాత్రం అడుగుతారు: “అంకుల్ రాలేదా ఆంటీ?”

ఒంటరిగా వేసేవాళ్లు పోల్స్ జోలికి పోకముందే, గాలి వచ్చే వైపు రెండు మూలలకీ మేకులు కొట్టాలి. మేకు తల టెంటుకి ఎడంగా వాలేలా ఏటవాలుగా దిగాలి. నిటారుగా కొడితే తాడు లాగిన లాగుడికి పైకొచ్చేస్తుంది. టెంటు నిలబడిన మరుక్షణం బరువు బ్యాగులు లోపలి మూలల్లో పడేయాలి. సుస్సు అంతకన్నా ముందే, అడిగినా అడక్కపోయినా.

“ఆయన రాలేదామ్మా?” అని టీ బడ్డీ దగ్గరా అడుగుతారు. “వెనక కార్లో వస్తున్నారు” అని చెప్పడం భద్రతకు మంచిదే. కానీ పొద్దున్న “ఇంకా రాలేదా?” అంటారు, దానికీ జవాబు తయారుగా ఉండాలి. ఒంటరి నాన్నలకు ఈ ప్రశ్న తక్కువ. వాళ్లకు “అయ్యో పాపం” వస్తుంది, దాంతోపాటు ఓ ప్లేటు ఉప్మా కూడా.

లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది, చలికాలం రాత్రుళ్లు సింగిల్ డిజిట్‌లోకి దిగుతుంది. గాలి పరుపు మెత్తగా ఉంటుందని తెస్తారు. దాంట్లోని గాలి కూడా నేలతో సమానంగా చల్లబడి, రాత్రంతా కిందనుంచి చలి కొడుతుంది. దాని మీద ఫోమ్ చాప పరవాలి. నేల ఏటవాలుగా ఉంటే తల ఎత్తు వైపు. అడ్డంగా పడుకుంటే తెల్లారేసరికి ఇద్దరు పిల్లలూ దొర్లి మీ మీదే ఉంటారు. చలని టెంటు కిటికీలన్నీ మూసేస్తే ముగ్గురి ఊపిరీ పైగుడ్డకి తగిలి నీళ్లై, నాలుగింటికి మొహాల మీద చినుకులు పడతాయి. పైన రెండు కిటికీలు కాస్త తెరిచే ఉంచాలి. బొగ్గుల కుంపటిగానీ స్టౌగానీ టెంట్లోకి తేవడం మాత్రం ఎంత చలైనా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

పొద్దున్నే పాలు కాద్దామంటే చిన్న గ్యాస్ డబ్బా మొరాయిస్తుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర దాదాపు ఆవిరి కావడమే మానేస్తుంది, నాలుగైదు డిగ్రీలకే మంట నీరసపడుతుంది. వాడని డబ్బాని రాత్రి రగ్గులో చుట్టిపెడితే కొంత నయం. మంట దగ్గర పెట్టి వేడిచేయకూడదు. అంతకన్నా హాయి, నడిచెళ్లి బడ్డీ దగ్గర మూడు గ్లాసులు తాగి రావడం.

తిరుగు ప్రయాణంలో టెంటు దాని సంచిలో పట్టదు. చుట్ట చుట్టేటప్పుడు తలుపు జిప్పు తెరిచి ఉంచి, తలుపున్న వైపుకే చుట్టుకుంటూ రావాలి, అప్పుడు గాలి పోతుంది. పోల్‌ని మధ్యలోంచి మడవడం మొదలెడితే లోపలి ఎలాస్టిక్ రెండు వైపులా సమానంగా సాగుతుంది. మంచుకి తడిసిన టెంటుని అలాగే డిక్కీలో వదిలేస్తే రెండు రోజుల్లో బూజు కంపు. ఇంటికి రాగానే డాబా మీద పరవాలి. కింది పోర్షన్ ఆవిడ పైకొచ్చి, అటూ ఇటూ చూసి, “షామియానా బిజినెస్ పెట్టారా? వచ్చే నెల మా అబ్బాయి పంచెల ఫంక్షన్, రేటెంత?” అంటుంది.