వడగళ్ళకి రీఫండ్ అడిగిన మహానుభావులకి

పొద్దున్నే బుర్ర వేడెక్కించారు మా అపార్ట్‌మెంట్ వాళ్ళు. ఆదివారం కూరగాయల సంచి వచ్చే రోజు. మా ఎనిమిది ఫ్లాట్ల వాళ్ళం కలిసి చేవెళ్ళ అవతల సాగు చేసుకునే ఒక జంటతో మాట్లాడుకున్నాం. ఇంటికి 6,000 ముందే కట్టేస్తాం, 12 వారాలు పొలంలో ఏది పండితే అందులో మన వాటా ఇంటికొస్తుంది. ఏది పండితే అది! చేరేటప్పుడే ఈ మాట చెప్పారు, అదీ తెలుగులోనే.

గురువారం రాత్రి వడగళ్ళు పడ్డాయి. ఇవాళ సంచిలో రెండు సొరకాయలు, నాలుగు కట్టల తోటకూర, గుప్పెడు పచ్చిమిర్చి, కాస్త కరివేపాకు. తోటకూర ఆకుని కిటికీ దగ్గర పెట్టి చూస్తే జల్లెడే. ఆ రైతు జంటలో ఆవిడ నిన్న రాత్రే వాయిస్ మెసేజ్ పెట్టింది, "అక్కా, రాళ్ళవాన కొట్టింది, పందిరి మొత్తం కూలింది, ఉన్నదే తెంపి పంపుతున్నం, ఏమనుకోకున్రి" అని. వెనకాల ఆయన ఎవరితోనో కర్రల గురించి అరుస్తున్నాడు.

ఏడింటికల్లా గ్రూపులో మొదలు. "ఇది 500 రూపాయల సరుకా?" "రీఫండ్ ఎప్పుడిస్తారు?" ఒకాయన ఆకు చిల్లుని ఫొటో తీసి చుట్టూ ఎర్ర సున్నా గీసి మరీ పెట్టాడు, రోడ్డు మీద గుంతని మున్సిపాలిటీకి చూపించినట్టు (అసలు ఆ గుంత మా గేటు ముందే ఉంది, దాని ఫొటో ఇంతవరకూ ఎవరూ తీయలేదు). ఇంకొకావిడేమో పది నిమిషాల యాప్‌లో అన్నీ నీట్‌గా వస్తాయంది. వస్తాయమ్మా, మరి పురుగుమందులు కొట్టని కూరలు కావాలని లిఫ్టులో కనిపించినవాళ్ళందరికీ క్లాసు పీకింది ఎవరు?

2023 జులైలో టమాటా కిలో 100 దాటి ఎక్కడికో పోయింది గుర్తుందా? అప్పుడు కూడా మా సంచిలో ఎప్పటిలాగే కిలో టమాటాలు వచ్చాయి, కట్టిన ఆ డబ్బుకే. పాపం వాళ్ళకి ఇంకో 200 పంపుదామా అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. నేనూ అనలేదు, ఒప్పుకుంటున్నా.

అన్నిటికంటే ఒళ్ళు మండించింది మూడో అంతస్తు అంకుల్. మమ్మల్ని ఇందులోకి లాగిందే ఆయన. న్యూజెర్సీలో వాళ్ళబ్బాయి ఇలాగే కడతాడట, అమెరికాలో ఈ పద్ధతి 1986లోనే మొదలైందట, నష్టమొచ్చినా లాభమొచ్చినా రైతుతో సమానంగా పంచుకోవడమే దీని గొప్పతనమట. ఇవాళ రీఫండ్ అడిగినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. ఆ పంచుకోవడం వడగళ్ళ రాత్రి దాకానే అన్నమాట! ఈయనే నాలుగేళ్ళ కిందట ప్రీలాంచ్ ఆఫర్ అంటే పునాది కూడా తవ్వని ఫ్లాటుకి 40 లక్షలు పోశాడు. అక్కడ ఇప్పటికీ తుమ్మచెట్లే. బిల్డర్ ఫోన్ ఎత్తితే చాలు, "పర్మిషన్లు లేటవుతున్నాయి పాపం" అని మాకే సర్దిచెబుతాడు.

నిజానికి నా మంట ఇవాళ్టిది కాదేమో. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్నతో మిరప బస్తాలేసుకుని మార్కెట్ యార్డుకి వెళ్ళాను. రెండు రాత్రులు బస్తాల మీదే పడుకున్నాం. వ్యాపారి వచ్చి ఒక బస్తాలో చెయ్యి పెట్టి తీసి, తాలు ఎక్కువుందని ధర కోసేశాడు, ఆపైన క్వింటాల్‌కి రెండు కిలోల తరుగు, అంటే తూకంలో కోత. లెక్క రాసేది నేనే. తరుగు ఎందుకు నాన్నా అంటే "రాయి, అడగకు" అన్నాడు. ఇవాళ ఆ ఎర్ర సున్నా చూడగానే మిరపకాయని వెలుగులో తిప్పి చూసిన ఆ చెయ్యే గుర్తొచ్చింది.

నా వంతు రీఫండ్ వద్దని, వచ్చే సీజన్ డబ్బు ఇప్పుడే కడతానని గ్రూపులో పెట్టాను. అందరూ చూశారు, ఎవరూ పలకలేదు. అంకుల్ మాత్రం ఓ గుడ్ మార్నింగ్ పువ్వు పెట్టాడు. తోటకూర నాలుగోసారి కడుగుతున్నా, ఇంకా ఇసుక వస్తూనే ఉంది.