అంతర్వేదికి రమ్మనొచ్చు, స్థలం కొనమనొచ్చా?

కోనసీమ చివర, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట ఉంది అంతర్వేది. ఈ ఊరిని బయటివాళ్ళకు పరిచయం చేస్తూ మేనల్లుడు ఒక వ్యాసం రాశాడు. మొదటి సగం చూడటానికి వచ్చేవాళ్ళకు, రెండో సగం ఇళ్ళ స్థలాలు కొనేవాళ్ళకు. ఊళ్ళోనే ఉంటూ కొబ్బరితోట చూసుకునే మేనత్త అది చదివి, రెండో సగం తీసెయ్యమంది. ఇద్దరికీ ఊరంటే ప్రాణమే. నా మనసు అత్త వైపే మొగ్గుతుంది కానీ, మేనల్లుడి మాటల్లో ఒకదానికి జవాబు చెప్పడం అంత సులువు కాదు.

మేనల్లుడు: ఇందులో అబద్ధం ఎక్కడుందత్తా? 1823లో కోపనాతి కృష్ణమ్మ గారు కట్టించిన లక్ష్మీనరసింహస్వామి గుడి, మాఘమాసంలో కల్యాణం, భీష్మ ఏకాదశి నాడు రథం, లైట్‌హౌస్, ఏరు సముద్రంలో కలిసేచోట అన్నాచెల్లెళ్ళ గట్టు. నర్సాపురం దాకా రైలు ఉంది. అక్కణ్ణుంచి సఖినేటిపల్లి రేవుకి పంటు (బండ్లనూ మనుషులనూ దాటించే బల్లకట్టు) మీద ఏరు దాటి రావడమే జనానికి ఎంతో ఇష్టం. అన్నీ ఉన్నవే రాశాను.

మేనత్త: ఆ సగం బాగుంది నాన్నా. రెండు మాటలు చేర్చు చాలు. వరదొస్తే పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా దిండి వైపు చుట్టు తిరిగి రావాలి. ఇంకోటి, ఏరు కలిసేచోట స్నానానికి దిగొద్దని పెద్ద అక్షరాలతో వెయ్యి. పైకి నీళ్ళు నిమ్మళంగా కనిపిస్తాయి, అడుగున లాగేస్తాయి. నా పేచీ రెండో సగంతోనే. "సముద్రానికి అడుగు దూరంలో సొంత ఇల్లు" అని రాశావు. ఆ అడుగు దూరంలో కట్టనిస్తారా?

మేనల్లుడు: సీఆర్‌జెడ్, అదే తీరంలో కట్టడాలను నియంత్రించే కేంద్ర నిబంధనల సంగతి నాకూ తెలుసు. 2019 నోటిఫికేషన్‌లో, జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2,161 దాటిన పల్లెలకు నో డెవలప్‌మెంట్ జోన్‌ని, అంటే కొత్త ఇళ్ళు కట్టనివ్వని మేరని, 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించారు.

మేనత్త: 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ సాంద్రత ఉండాలి. తోటకొక ఇల్లుగా ఉన్నచోట అంతమంది ఉన్నారని నువ్వు చూశావా? లేకపోతే 200 మీటర్లే. సాంద్రత ఉన్నా, ఆ నోటిఫికేషన్ ప్రకారం తీర ప్రణాళికకు ఆమోదం వచ్చేదాకా తగ్గింపు వర్తించదు. సరే, ఇంతకీ ఆ మీటర్లు ఎక్కణ్ణుంచి కొలుస్తారు?

మేనల్లుడు: పోటు గీత నుంచి, అంటే పోటు వేళ నీళ్ళు ఎక్కే గీత నుంచి.

మేనత్త: ఆ గీత నిలిచి ఉంటుందా? నువ్వు మాట్లాడాల్సింది దాని గురించి. ఈ నేలంతా గోదారి తెచ్చిపోసిన ఒండ్రు. పైన ఆనకట్టలూ డ్యాములూ పెరిగేకొద్దీ ఆ ఒండ్రు కిందికి రావడం తగ్గిపోయింది. కొత్త మట్టి పడకపోతే సముద్రం పాత మట్టిని తింటుంది. పల్లిపాలెం వైపు పోటు ముదిరినప్పుడు నీళ్ళు ఇళ్ళ దాకా వచ్చిన సంగతి నీకు తెలియదా? ఇవాళ 250 మీటర్ల దూరంలో ఉన్న స్థలం పదేళ్ళ తర్వాత ఎంత దూరంలో ఉంటుందో కొనేవాడికి ఎవరు చెప్తారు?

(ఇక్కడ నేనొక మాట చెప్పాలి. సర్వే నంబరు ఏ జోన్‌లో పడుతుందో చూసుకోవడానికి తీర ప్రాంత నిర్వహణ పటాలు ఉన్నాయి. చాలామంది బయానా ఇచ్చాక వాటి కోసం వెతుకుతారు. బయానాకు ముందే చూడాలి.)

మేనల్లుడు: తుపాన్లూ కోతా చూసి భయపడితే తీరంలో ఎవరూ బతకరు. విశాఖకు హుద్‌హుద్ రాలేదా? అక్కడ కొనడం మానేశారా?

మేనత్త: విశాఖలో కొండలున్నాయి, కింద రాయి ఉంది. ఇక్కడేముంది? 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో తోటలకు తోటలే పడిపోయాయి. కొబ్బరిమొక్క మళ్ళీ కాపుకొచ్చేదాకా ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో రాబడి ఉండదు. మేం తట్టుకున్నామంటే ఎప్పుడు కదలాలో, ఏ మెరక ఎక్కాలో తెలుసు కాబట్టి. సెలవులకు వచ్చిపోయే మనిషికి అది తెలియదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో జనం పడవల మీద తిరిగారు. కొనేవాణ్ణి ఆ నెలల్లో రమ్మను. తిరునాళ్ళకు తీసుకొచ్చి స్థలం చూపించొద్దు.

మేనల్లుడు: నీళ్ళ గురించి రాశాను కదా, బోరు వేస్తే నీళ్ళు పడతాయని.

మేనత్త: పడతాయి, ఏ నీళ్ళు? ఇసుక మెరకల కింద తేట నీరు పైపొరలోనే ఉంటుంది. లోతుకు దించావంటే ఉప్పు. ఒకడు పెద్ద మోటారు పెట్టి లాగితే పక్కింటి బావి కూడా చెడుతుంది. అటు కేశనపల్లి వైపు చూడు, శంకరగుప్తం డ్రెయిన్ గుండా ఉప్పునీరు ఎక్కి కొబ్బరిచెట్లు మోడుబారాయి. తలలు ఊడిన ఆ చెట్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. వాటి మధ్య "పచ్చని తోటలో ప్లాటు" అని ఎలా రాయను?

మేనల్లుడు: రైలు మాట మర్చిపోతున్నావు. కోటిపల్లి–నర్సాపురం లైను పూర్తయితే ఇక్కడి ధరలు ఇలాగే ఉంటాయా?

మేనత్త: ఆ లైను మాట వింటూ రెండు దశాబ్దాలు దాటింది. మూడు పాయల మీద మూడు వంతెనలు కావాలి. అయినప్పుడు సంతోషిస్తాను. రైలు వస్తే పోటు గీత వెనక్కి జరగదు కదా.

మేనల్లుడు: సరే, నా అసలు బాధ చెప్తాను, విను. కొనేవాళ్ళను నువ్వు బెదరగొడితే నష్టం ఎవరికి? కూతురి చదువుకో, ఆస్పత్రి ఖర్చుకో నాలుగు సెంట్లు అమ్ముకోవాలనుకునే మత్స్యకారుడికి. బయటి కొనుగోలుదారు రాకపోతే బ్రోకర్ చెప్పిందే ధర. నీకు తోట ఉంది, అమ్మాల్సిన అవసరం లేదు. అవసరం ఉన్నవాడి తరఫున ఎవరు మాట్లాడతారు?

మేనత్త: ... అది నిజం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఆ నాలుగు సెంట్లు డి-పట్టా, అంటే పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే ఏం చేస్తాడు? అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977 చట్టం ఉంది. 2023లో సడలింపులు వచ్చాయి, వాటి మీద మళ్ళీ చిక్కులు వచ్చాయి. దేవస్థానం భూములు వేరే. 22-ఏ జాబితాలో, అంటే నిషేధిత భూముల జాబితాలో ఉన్న నంబరుకు రిజిస్ట్రేషనే జరగదు. బ్రోకర్ దాన్ని దాచి, తెల్లకాగితం మీద రాయించి డబ్బు తీసుకుంటాడు. తర్వాత గొడవ వస్తే కొన్నవాడు వచ్చి ఎవరి గుమ్మం ముందు నిలబడతాడు? ఆ మత్స్యకారుడి గుమ్మం ముందే.

మేనల్లుడు: అయితే కాగితాలు సరిగ్గా ఉన్నవే రాద్దాం. అడంగల్ (సాగు రికార్డు), 1-బీ (హక్కుదారు రికార్డు), ఈసీ (స్థలం మీద పాత లావాదేవీల పత్రం), 22-ఏ, అన్నీ చూసుకోమని. ఇంకోటి, స్థలం అమ్మకుండానే రాబడి వచ్చే దారి ఉంది. ఉన్న ఇంటి రూపు, కొలతలు మార్చకుండా స్థానికులు హోమ్‌స్టే నడుపుకోవచ్చని ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. వచ్చినవాళ్ళకు గది, భోజనం, సీజన్‌లో పులస పులుసు. ఇల్లు వాళ్ళదే, నేలా వాళ్ళదే.

మేనత్త: ఇదిగో, ఇది ముందే ఎందుకు రాయలేదు? దీన్ని మొదటి సగంలోకి తీసుకెళ్ళు. రెండు గదులున్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

మేనల్లుడు: తీసుకెళ్తాను. స్థలాల భాగం మాత్రం తీసెయ్యను, విడిగా రాస్తాను. అమ్ముకోవాలనుకునేవాళ్ళ మాట అందులో ఉంటుంది. దాన్ని నువ్వు కొట్టెయ్యడానికి వీల్లేదు.

మేనత్త: రాయి. ప్రతి స్థలం పక్కనా సర్వే నంబరు, పోటు గీతకు ఎంత దూరమో, బావిలో నీళ్ళెలా ఉన్నాయో, గత వరదలో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో వెయ్యి. నీకు తెలియనివి నన్నడుగు, నేను వచ్చి చూపిస్తాను. అవన్నీ ఉంటే ఒక్క ముక్క కూడా కొట్టెయ్యను.